మాస్టరు కడుపులో గడ్డ

ఆదోనిలో సాయిబుల ఇళ్లలో పెళ్లి కుదిరితే ముందు ఖాజీని అడిగేవాళ్లా, ఖలందర్ మాస్టరును అడిగేవాళ్లా అంటే, చాలామంది ఖలందర్ ఇంటికే ముందు పోయేవాళ్లు. ఖాజీలు ఊళ్లో ఇద్దరున్నారు. ఖలందర్ ఒక్కడే. వాళ్ల తాత దూదేకాడు, తండ్రి పరుపులు కుట్టాడు, ఈయన మాత్రం బిర్యానీ వైపు మళ్లాడు. ఐదొందల మందికి వండినా ఐదుగురికి వండినట్టే ఉంటుందని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా పెళ్లిలో తిని, చెయ్యి కడుక్కుని, ఏమీ అనకుండా వెళ్లిపోతే ఆ వారమంతా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

1981లో, ఉగాది మర్నాడు కైరుప్పలలో జరిగే పిడకల కొట్లాట అయిపోయిన వారానికి, ఆయనకు బొడ్డుకు కుడిపక్క కాస్త కిందుగా ఒక నొప్పి మొదలైంది. తాకితే చింతగింజంత ఏదో తగిలేది. దానికి ఆయనే గ్యాసని పేరు పెట్టి, వాము నమిలి, అల్లం రసం తాగి, సోడాల మీద సోడాలు పట్టించాడు. శ్రావణమాసం వచ్చేసరికి చింతగింజ కాస్తా జామకాయంత అయింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. చేతులూ మెడా చిక్కిపోయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. అది కూడా కుడివైపే ఎక్కువగా.

చూసినవాళ్లు సంతోషించారు. "మాస్టరు ఒళ్లు చేసినాడప్పా, చేతినిండా పని ఉండాది" అన్నారు. ఖలందర్ నవ్వి ఊరుకున్నాడు. వేరే దారి లేదు. వంటవాడికి కడుపునొప్పి అని ఒక్కరి చెవిన పడినా చాలు, 'వాని చేతి కూడు వానికే పడలేదంట' అని సాయంత్రానికి పత్తి మార్కెట్టంతా పాకిపోతుంది.

భార్య జొహరాబీ దగ్గర మాత్రం ఈ ఆటలు సాగలేదు. ముప్పై ఏళ్లుగా మాస్టరు మసాలాలన్నీ నూరేది ఆమే. చూపు కూడా మసాలా అంత ఘాటుగానే ఉంటుంది.

"ఏమయ్యా, లుంగీ ముడి ఎప్పుడూ కుడిపక్క ఏస్తావు. ఈ నడుమ ఎడమపక్కకు మార్చినావే?"

"ఇప్పుడు అందరూ అట్లే కడతాండారు. ఫ్యాషను."

"ఫ్యాషనా? అయితే రాత్రి నిద్దట్లో మూలిగేది కూడా ఫ్యాషనేనా?"

"గ్యాసే, గ్యాస్."

డాక్టరుకు చూపించుకోవాలని ఆయనకూ ఉంది. కానీ ఆదోనిలో ఉన్న డాక్టర్లందరూ ఏదో ఒక పెళ్లిలో ఆయన బిర్యానీ తిన్నవాళ్లే. తినని డాక్టరు ఊరంతటికీ ఒకే ఒక్కడు, చక్రపాణి. ఆయన మంత్రాలయం వైపు పూజారుల ఇంటి మనిషి. కోడిగుడ్డును కూడా ముట్టడు. ఎముకలు నమిలేవాడి కడుపు సంగతి పప్పు తినేవాడికేం తెలుస్తుందని ఖలందర్ ఆ వైపు చూడనే లేదు.

కాబట్టి ఎమ్మిగనూరు పోవాలని తీర్మానించుకున్నాడు. ఇంట్లో అనుమానం రాకుండా పెద్ద గరిటె ఒకటి చంకన పెట్టుకున్నాడు. మాస్టరు గరిటెతో బయల్దేరితే వంటకు పోతున్నాడనే ఎవరైనా అనుకుంటారు.

ఆ రోజు సోమవారం. బస్సు నిండా ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లే. కాలు పెట్టే చోటు లేదు. ప్రతి కుదుపుకూ ఎవరిదో ఒక మోచెయ్యి సరిగ్గా ఆ జామకాయ మీదే పడేది. ఖలందర్ గరిటెను కడుపుకు అడ్డంగా పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయన దాన్ని చూసి, "స్వామికి ఇస్తాండావా, అప్పా? మంచి ఇత్తడే" అన్నాడు. ఖలందర్ ఔనని తలూపాడు. మాట్లాడే ఓపిక లేదు.

ఎమ్మిగనూరులో మొదటి డాక్టరు జిగట విరేచనాల తాలూకు గడ్డ అని పదిహేను రోజులకు మాత్రలు రాశాడు. గడ్డ కదల్లేదు. రెండో డాక్టరు చాలాసేపు నొక్కి చూసి, ఇది పేగుల్లో క్షయ అయ్యుంటుందని, రెండు నెలలు సూదులు వేయించుకోమన్నాడు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ చోట, ఆ మాదిరి గడ్డ కనిపిస్తే ఆ రోజుల్లో పదిమందిలో తొమ్మిదిమంది డాక్టర్లు అదే మాట చెప్పేవాళ్లు. ఖలందర్ గరిటె చంకన పెట్టుకుని వారానికి మూడుసార్లు బస్సెక్కి, సూది వేయించుకుని వచ్చేవాడు. ఇంటికి రాగానే ఆరోజు వండిన పెళ్లి ఎలా జరిగిందో జొహరాబీకి కథ కట్టి చెప్పేవాడు. ఎమ్మిగనూరులో అన్ని పెళ్లిళ్లు ఎలా జరుగుతున్నాయని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

ఆ ఊళ్లోనే ఉన్నాడు పీరా సాబ్. ఎమ్మిగనూరులో పెళ్లి వంటలన్నీ ఆయనవే. నాటుకోడి పలావు ఆయన ప్రత్యేకత. ఆదోనిలో ఖలందర్ పేరు ఎంతో, ఎమ్మిగనూరులో పీరా సాబ్ పేరు అంత. ఇద్దరూ ఎదురుపడితే సలామ్ చెప్పుకుంటారు, అంతకుమించి మాట ఉండదు. ఒకరోజు ఖలందర్ సూది వేయించుకుని కుంటుకుంటూ మందుల షాపు దిగుతుండగా పీరా సాబ్ ఎదురొచ్చాడు.

"ఏం మాస్టరూ, గరిటె ఎత్తుకోని మా ఊర్లో తిరుగుతాండావు. ఎవురింట్ల పెండ్లి?"

"పెండ్లీ గిండ్లీ ఏం ల్యాదప్పా. ఊరికే వస్తి."

"ఊరికే వచ్చేటోడు గరిటె తెస్తాడా?"

"దీనికి మాటు ఏపిచ్చుకుందామని."

"ఆదోనిలో మాట్లు ఏసేటోడు ల్యాడా?"

"ఉండాడు. వాడు... ఊరికి పోయినాడు."

పీరా సాబ్ గరిటెను కింద నుంచి పైదాకా చూశాడు. ఎక్కడా చిల్లు లేదు.  ఆ సాయంత్రం నుంచే, ఆదోని మాస్టరు మన ఊరి పెళ్లిళ్ల మీద కన్నేశాడని నేతగాళ్ల వీధుల్లో ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

గుట్టు బయటపడింది కౌతాళంలో. కార్తీకమాసం వెళ్లిపోయాక అక్కడ ఒక రైతు ఇంట్లో పెళ్లి, మూడొందల మందికి వంట. జొహరాబీ కూడా వెళ్లింది. పొయ్యిల దగ్గర ఖలందర్‌కు చలి పుట్టింది. నిప్పుల పక్కన నిలబడి వణికే వంటవాణ్ని కౌతాళం అంతకుముందు చూడలేదు. బిర్యానీ డేగిసా మూత తీసి, ఒక్క ముద్ద నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. ఆ మాట అంటూనే డేగిసా పక్కన పడిపోయాడు.

ఆ క్షణాన పందిట్లో లేచిన గగ్గోలు ఇంతా అంతా కాదు.

"వంట రుచి సూసి వంటాయనే పడిపోయినాడు!" అని అరిచాడు పెళ్లికూతురి తాత.

"బేడప్పా, ఊట బేడ!" అని, కూడు వద్దంటూ, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కన్నడం చుట్టాలు బంతిలోంచి లేచిపోయారు. వాళ్లు లేవడం చూసి మిగతావాళ్లు కూడా విస్తళ్లు వదిలేసి పందిరి అంచుకు చేరారు. మూడొందల మంది, మధ్యలో పొగలు కక్కుతున్న మూడు డేగిసాలు. ఎవరూ దగ్గరికి రావడం లేదు.

జొహరాబీ మొగుడి నుదురు పట్టి చూసింది. కాలిపోతోంది. ప్రాణం ఉంది. ఆయన కళ్లు తెరిచి గొణిగాడు. "జనం... జనం తింటాండారా?"

ఆమె లేచి కొంగు దోపుకుంది. పెద్ద పళ్లెం నిండా బిర్యానీ పెట్టుకుని, అందరికీ కనబడేలా పందిట్లో నడిమధ్య కూర్చుని తినడం మొదలుపెట్టింది. మూడొందల మంది ఆమె దవడలనే చూస్తున్నారు.

"నేను ముప్పై ఏండ్ల నుంచి ఈ కూడే తింటాండా. సచ్చేదుంటే ఎప్పుడో సచ్చిందును" అంది నములుతూనే. "ఆయనకు జొరం. కూటికేం ల్యాదు. యాడమ్మా, ఇంగో రెండు ముక్కలు ఎయ్యి."

రెండో పళ్లెం సగమయ్యేసరికి పెళ్లికొడుకు మేనమామ నోరూరి ఆగలేక కూర్చున్నాడు. అతని వెనక ఒక బంతి, దాని వెనక ఇంకో బంతి. అందరూ చేతులు పెట్టాకే ఆమె లేచింది. రెండు పళ్లేల బిర్యానీతో ఆయాసపడుతూ మొగుడి దగ్గరికి వచ్చింది.

"గ్యాస్ అంటివి కదా. ఏ గ్యాసయ్యా ఇది?" అని లుంగీ ముడి లాగి చూసింది. కుడిపక్క కొబ్బరికాయ చిప్ప బోర్లించినట్టు ఉబ్బెత్తుగా ఉంది. జొహరాబీ ఆయన్ని తిట్టడం మరిచిపోయి జీపు కోసం పరుగెత్తింది. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

పెళ్లివాళ్ల జీపులో ఎక్కించాక ఆయన నీరసంగా అన్నాడు. "ఆదోనిలో డాక్టర్లకు తెలిస్తే నా పేరు పాయె."

"నీ బిర్యానీ తిన్నోళ్లకు మొగం సూపీలేవు, అంతేనా? తినని డాక్టరు కాడికే పోదాం పా."

డాక్టర్ చక్రపాణి అరవయ్యేళ్ల బక్కపలచని మనిషి. నర్సింగ్ హోం చిన్నది, ఎనిమిది మంచాలు. గడ్డ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయాడు. సంధ్యవార్చుకుంటున్నాడేమో అనుకుంది జొహరాబీ.

"చెక్కలాగా గట్టిగా ఉండాదప్పా" అన్నాడు కళ్లు తెరిచి. "క్షయ అయితే రెండు నెలల మందుకు కొంచెమన్నా తగ్గాల. పాత అపెండిసైటిస్ చీము కావచ్చు. ఇంకా చెడ్డది కూడా కావచ్చు. తెరిచి చూడాల్సిందే. ఎప్పుడైనా ముల్లు గానీ ఎముక గానీ మింగినావా?"

జ్వరంలో కూడా ఖలందర్‌కు పౌరుషం వచ్చింది. "సార్, నేను వంటమాస్టరును. బొమికలు ఏరేటోన్ని గానీ మింగేటోన్ని కాదు."

ఆ జవాబు ఇచ్చేటప్పుడు ఆయన పైకప్పు వైపు చూశాడు. డాక్టరు అది గమనించాడు. కానీ ఎముకల విషయంలో తనకు అనుభవం లేదు కనుక తరచి అడగలేదు.

ఆపరేషన్ పొద్దున ఖలందర్ భార్యను దగ్గరికి పిలిచాడు. 'ఇంకా చెడ్డది' అన్న మాట ఆయన చెవిలో తిరుగుతూనే ఉంది. గది తలుపు వేయమన్నాడు. గొంతు తగ్గించాడు.

"జొహరా, నాకేమన్నా అయితే... ఎవురికీ సెప్పని మాట ఒకటి నీకు సెప్పాల. బిర్యానీ మసాలాలో సేరుకు..."

"రెండు మరాటీ మొగ్గలు, జాపత్రి అర తునక, ఆకరున సిటికెడు రాతిపువ్వు."

ఖలందర్ నోరు తెరిచాడు. "నీకెట్ల తెల్సు?"

"నూరేది ఎవురు? నువ్వు పొట్లం కట్టి, మూత పెట్టి, ఇది దంచు అని ఇస్తే నాకు ముక్కు ల్యాదా?" అంది. తర్వాత ఆయన చిక్కిపోయిన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, తలుపు తెరుచుకునేదాకా వదల్లేదు.

కడుపు తెరిచినప్పుడు లోపల గోడ కట్టినట్టున్న గడ్డ, దాని నడుమ చిక్కటి చీము కనబడ్డాయి. చీము చెంబెడు వచ్చింది. పేగు మీద కంతి కనబడలేదు. అపెండిక్స్ చక్కగా ఉంది. చీములో మాత్రం పసుపుపచ్చగా రవ్వలాంటి గింజలు తేలుతున్నాయి. నర్సు తాయమ్మ కడిగే పళ్లెంలో సన్నగా గీరుకున్నదేదో చేతికి తగిలితే, సూది ముక్క అనుకుని ఒక సీసాలో వేసి పక్కన పెట్టింది. డాక్టరు చూపు ఆ పసుపు గింజల మీదే నిలిచిపోయింది. చీముతో సహా వాటిని యేసేపుకు పంపించాడు.

యేసేపుది ఆ నర్సింగ్ హోంలోనే ల్యాబు. ల్యాబంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, ఒక కిటికీ. ఇరవై ఆరేళ్లుగా ఆ గొట్టంలోంచి ఆయన చూసింది మలేరియా, నులిపురుగులు, అప్పుడప్పుడు క్షయ. గింజ ఒకటి రెండు గాజు పలకల మధ్య పెట్టి నలిపాడు. క్షయ కోసం వేసే ఎర్ర రంగు వేశాడు, ఏదీ పట్టలేదు. ఊదారంగు వేశాడు. చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. లేచి పరుగెత్తాడు. యేసేపు పరుగెత్తడం చూసి, మంటలు లేచాయేమో అనుకుని తాయమ్మ నీళ్ల బకెట్టు ఎత్తింది.

"సార్, రోంత ఈడికి రండి. నేను సూసిన పురుగుల్లో ఇది ల్యాదు. దారం ఉండ సిక్కుపడినట్ల ఉండాది, అంచున మాత్రం పొద్దుతిరుగుడు పువ్వు రెక్కలు ఇప్పినట్ల ఉండాది."

డాక్టరు చూశాడు. చూసి, పైగదికి పోయి, తను చదువుకున్న రోజుల నాటి పుస్తకం ఒకటి దుమ్ము దులిపి తెచ్చాడు. ఇద్దరూ తలలు ఆనించి బొమ్మ చూశారు, గొట్టంలో చూశారు, మళ్లీ బొమ్మ చూశారు. ఆదోనిలో ఎవరూ ఎప్పుడూ చూడని సూక్ష్మజీవి. ఒక పలక కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు. వారానికి జవాబు వచ్చింది, అదేనని. దాని పేరు ఆక్టినోమైసిస్.

ఆ పేరు తాయమ్మ నోట్లో పడి ఒక్క పూట కూడా నిలవలేదు. "నీ కడుపులో ఉండేది నామయ్య అంట" అని ఖలందర్‌కు చెప్పింది. "సానా అరుదంట. కోటికొకరికి వస్తాడంట."

ఖలందర్‌కు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ మధ్యాహ్నం డాక్టరు, యేసేపు, తాయమ్మ, ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. జొహరాబీ తలగడ వైపు నిలబడింది. డాక్టరు చేతిలో తాయమ్మ దాచిన సీసా ఉంది.

"చూడప్పా, ఈ క్రిమి తనంత తాను కడుపులోకి పోదు. పేగుకు ఎక్కడో చిల్లు పడాల, అప్పుడే అది లోపలికి పోయి ఇల్లు కట్టుకుంటుంది. నీ చీములో ఇది దొరికింది. సూది అనుకుంది తాయమ్మ. సూది కాదు, ఎముక. అంతవరకే నాకు తెలుసు. ఏ జంతువుదో, ఎక్కడిదో నాకు తెలియదు. నాకు వంకాయకూ బెండకాయకూ తేడా అడుగు, చెప్తాను. దీని సంగతి నువ్వే చెప్పాల."

వృత్తి సంగతి అడిగితే ఖలందర్‌కు ఒళ్లు తెలియదు. సీసా తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నగల వ్యాపారి రాయిని చూసినట్టు ఒక కన్ను మూశాడు.

"కోడి. నాటుకోడి" అన్నాడు. "రెక్కలో ఉండే సన్న బొమిక. పుంజు. సంవత్సరం దాటిన ముదురుది. ఇది కోసింది కాదు సార్, నరికింది. సూడండి, కొస ఎట్ల సీలికలయిందో! చేతగాని పని. నేనయితే కీలు కాడ..."

నాలుక కరుచుకున్నాడు. కానీ ఆలస్యమైంది.

"నువ్వు నరికింది కాదా?" అంది జొహరాబీ నెమ్మదిగా. "మరి ఎవురు నరికింది? నువ్వు పెండ్లిండ్లలో వండేది పొట్టేలు. మనింట్ల కోడి నువ్వే కోస్తావు. కోడిని నరికేది ఎవురయ్యా?"

ఖలందర్ సీసా వైపు చూశాడు. డాక్టరు వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. ఎక్కడా దారి కనపడలేదు.

"పీరా సాబ్" అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అంతకుముందు చలికాలంలో ఎమ్మిగనూరులో ఒక నూలు వ్యాపారి ఇంట్లో పెళ్లి. పీరా సాబ్ పలావు గురించి జనం చెప్పుకుంటుంటే విని విని ఖలందర్‌కు కడుపు రగిలింది. అందులో ఏముందో తెలుసుకోవాలని తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం సగం కప్పుకుని, పిలవని పెళ్లికి పోయి చివరి బంతిలో మూలన కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, స్వయంగా పీరా సాబే వడ్డించుకుంటూ వస్తున్నాడు. ఖలందర్ తల వంచి, చేతిలో ఉన్న ముక్కంతా నోట్లో కుక్కేసుకున్నాడు. "ఇంగో ముక్క ఎయ్యాల్నా, అన్నా?" అని పీరా సాబ్ నెత్తి మీద నిలబడి అడిగాడు. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడతాడు. వద్దన్నట్టు తలూపి, నోట్లో ఉన్నదాన్ని నమలకుండానే మింగేశాడు. గొంతులో ఏదో గీసుకుంది. నీళ్లు తాగాడు. లేచి బస్సెక్కాడు.

తాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. యేసేపు కిటికీ వైపు తిరిగాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. జొహరాబీ నవ్వలేదు. "బాగుండెనా?" అని అడిగింది. అది ఇంకా ఘోరంగా తగిలింది ఆయనకు.

కాసేపటికి ఖలందర్ తేరుకున్నాడు. పక్క మీద కొంచెం లేచాడు. ముఖంలో వెలుగు వచ్చింది.

"అయితే సార్, ఆ నామయ్య వాని పలావులోంచే కదా నాకు పట్టింది? అంటే వాని వంట అంత సుబ్బరంగా ఉంటాదన్నమాట! మీరు కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యండి. ఎమ్మిగనూరు నడిబజార్లో అంటిస్తా."

"లేదప్పా" అన్నాడు డాక్టరు. "పలావులో ఎముకే వచ్చింది. క్రిమి నీదే."

"నాదా?"

"నీ నోట్లోది. చాలామంది నోళ్లలో పళ్ల సందుల్లో అది గమ్మున పడి ఉంటుంది, ఏమీ చేయదు. పుచ్చిన పళ్లుంటే ఇంకా ఎక్కువ. నోరు తెరువు."

ఖలందర్ నోరు తెరిచాడు. డాక్టరు టార్చిలైటు వేసి చూశాడు. వెనక రెండు పళ్లు మొదళ్లదాకా పుచ్చి ఉన్నాయి. ముప్పై ఏళ్ల పాటు పెళ్లి పెళ్లికీ హల్వా పాకం రుచి చూసిన ఫలితం.

"ఎముక తలుపు తీసింది. నీ నోట్లో మనిషే దానితోపాటు దిగి ఇల్లు కట్టుకున్నాడు" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఖలందర్ వేపపుల్ల తెప్పించుకుని రెండుసార్లు పళ్లు తోముకున్నాడు.

వైద్యం మాత్రం పాత మందే, పెన్సిలిన్. కానీ ఆ క్రిమి గోడల వెనక ఉంటుంది కాబట్టి మందు చాలా రోజులు, చాలా ఎక్కువగా పడాలి. రోజుకు నాలుగు సూదులు, ఆరు వారాలు. ఆ తర్వాత ఆరు నెలలు మాత్రలు. ముందు చేతి మీద చిన్న సూది వేసి పడుతుందో లేదో చూశారు. పడింది. పడకపోతే బాగుండునని ఖలందర్ మనసులో అనుకున్నాడు.

తాయమ్మ చెయ్యి తేలిక అని ఆదోనిలో అందరూ అంటారు. వాళ్లెవరూ నూటా అరవై ఎనిమిది సూదులు వేయించుకోలేదు. మూడో వారానికి ఆయన వెనకభాగంలో కొత్త సూదికి జాగా దొరక్క తాయమ్మ వేలితో వెతుక్కోవాల్సి వచ్చేది. "కదలాకు మాస్టరూ, ఈడ రోంత మెత్తగా ఉండాది" అనేది. ఆయన గోడ వైపు తిరిగి నామయ్యను నానా మాటలూ తిట్టేవాడు. కానీ జ్వరం పోయింది. ఆకలి వేసింది. ఆసుపత్రి గంజిలో ఉప్పు తక్కువని ఒకరోజు గొడవ పెట్టుకుంటే, మనిషి బాగవుతున్నాడని డాక్టరు యేసేపుతో చెప్పి సంతోషపడ్డాడు.

ఈలోగా పెద్ద చిక్కు వచ్చిపడింది. పత్తి వ్యాపారి ఇంట్లో పెళ్లికి మాస్టరు ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. జొహరాబీ ఆయనతో ఒక్క మాట కూడా చెప్పకుండా బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. మర్నాడు పొద్దున పదిగంటలకు పీరా సాబ్ వార్డులోకి వచ్చాడు. ఎడమపక్కకు తిరిగి పడుకున్న ఖలందర్ ఆయన్ని చూసి దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

పీరా సాబ్ స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"నువ్వు దొంగతనంగా వచ్చి నా పలావు తింటివంట."

ఖలందర్ దుప్పటి ఇంకొంచెం పైకి, గడ్డం దాకా లాక్కున్నాడు.

"తలకు తువ్వాల సుట్టుకోని కడా బంతిలో కూసుంటివంట."

"కూసుంటి."

"ఇంగో ముక్క ఎయ్యాల్నా అని అడిగితే తల ఊపినోడివి నువ్వేనా?"

"నేనే."

పీరా సాబ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచానికి దగ్గరగా జరిగాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎట్లుండె?"

ఖలందర్ అబద్ధం చెప్పాలనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వంట విషయంలో అబద్ధం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు.

"దమ్ము నాకన్నా నీదే బాగుండాది" అన్నాడు, ఒక్కో మాటా పన్ను పీకినట్టు పైకి లాగుతూ. "గింజకు గింజ తగల్లేదు. కొత్తిమీర వాసన ఆకరుదాకా నిలబడె. కోసేది మాత్రం నీకు సాతకాదు. కీలు ఎతకవు, కత్తి ఎత్తి నరుకుతావు."

"మా ఊర్లో అట్లే నరుకుతారు."

"నరికితే ఇట్లయితాది" అని ఖలందర్ దుప్పటి తీసి కట్టు చూపించాడు.

పీరా సాబ్ ఆ కట్టును చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది. తన ముక్క ఒక మనిషిని ఇంతదాకా తెచ్చిందన్న సంగతి అప్పుడే ఆయనకు పూర్తిగా ఎక్కినట్టుంది. "అల్లా మాఫ్ చెయ్యాల" అన్నాడు. తర్వాత, "సరే, కీలు యాడుంటాదో సెప్పు" అన్నాడు.

మందు నింపుకుని తాయమ్మ వచ్చేసరికి ఇద్దరు మాస్టర్లూ చొక్కా చేతులు భుజాలదాకా ఎత్తి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని మడుస్తూ చాపుతూ ఉన్నారు. కోడి రెక్క ఎలా విప్పాలో పాఠం నడుస్తోంది. పత్తి వ్యాపారి ఇంటి పెళ్లి పీరా సాబ్ వండాడు. మసాలా జొహరాబీ నూరింది. తిన్నవాళ్లంతా మాస్టరు చెయ్యి ఏమీ తగ్గలేదని చెప్పుకున్నారు. ఆ సంగతి విని మాస్టరు ఒక పూట అన్నం తినలేదు.

మాత్రలు మింగడం అయిపోయేసరికి మళ్లీ వానలొచ్చాయి. పుచ్చిన పళ్లు రెండూ పీకించుకున్నాడు. కడుపు మెత్తబడింది, గడ్డ జాడ లేదు. అప్పుడు చక్రపాణి కర్నూలులో డాక్టర్ల సభలో ఈ కేసు గురించి చదవాలని, ఖలందర్‌నూ యేసేపునూ వెంట రమ్మన్నాడు. జొహరాబీ కూడా బయల్దేరింది. సభలో నలభైమంది డాక్టర్లు వరసగా వచ్చి ఖలందర్ కడుపు నొక్కి చూశారు. ఆయన కొత్త లుంగీ కట్టుకుని, సినిమా హీరోలాగా పడుకుని నొక్కించుకున్నాడు. చక్రపాణి ఇంగ్లీషులో చాలాసేపు చదివాడు. చివర్లో, మొదట చూసింది ఈయనే అని యేసేపును లేచి నిలబడమన్నాడు. మెట్ల కింద ఇరవై ఆరేళ్లు కూర్చున్న యేసేపు, నలభైమంది చప్పట్లు కొడుతుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, దండం పెట్టాడు.

తిరుగు బస్సులో ఖలందర్ ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏమయింది?" అంది జొహరాబీ.

"అంతసేపు సదివినాడు కదా సారు, నా పేరు ఒక్కసారన్నా రాలే. నాకు ఇంగిలీషు రాకపోయినా నా పేరు నాకు తెల్దా?"

ముందు సీట్లోంచి యేసేపు తిరిగి చూశాడు. డాక్టరు చదివిన కాగితాలు ఆయన దగ్గరే ఉన్నాయి. "రోగి పేరు రాయగూడదు మాస్టరూ, అది పద్ధతి. యాభై ఏండ్ల మగమనిషి అని రాసినారు."

"యాభై ఏండ్ల మగమనుసులు ఎంతమంది ల్యారు! ఇంగేమన్నా రాసినారా?"

యేసేపు కాగితం కిటికీ వైపు పట్టుకుని, వేలు పెట్టి వెతికాడు.

"ఇదిగో, మూడో లైనులో. వృత్తి, వంట. పక్కనే బ్రాకెట్లో ఇంగోటి ఉండాది... ఆ ప్రాంతంలో పేరుపొందిన వాడు, అని."

"యాడ, యాడ?" అని ఖలందర్ ముందుకు వంగాడు. యేసేపు ఆ అక్షరాల కింద గోటితో గీసి చూపించాడు. చదవడం రాకపోయినా ఖలందర్ ఆ మూడు ఇంగ్లీషు మాటలూ కోడుమూరు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.